ఒడియే ఆసనమైన ప్రయాణములు

మంజీరానదికి అడ్డముగా 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన నిజాంసాగరము క్రింద వర్ని, బోధను ప్రాంతముల మెట్టపొలములు వరిమళ్ళుగను చెరకుతోటలుగను మారుచుండిన కాలమున, కృష్ణా, గుంటూరు, గోదావరి మండలములనుండి తరలివచ్చిన కర్షకకుటుంబములు కాలువల వెంబడి క్యాంపులు వేసికొని స్థిరపడిన వృత్తాంతము ఆ సీమలో అందరెరిగినదే. కాని ఆ వలసబండ్లలో పసిబిడ్డ యెచ్చట కూర్చుండెనను ప్రశ్న చరిత్ర వ్రాయువారికి తట్టినట్లు కానరాదు. తట్టకపోవుటయు సహజమే. బిడ్డకు వేరు చోటు లేదు. తల్లి యొడియో, అవ్వ యొడియో, అదియే చోటు.

ఆనాటికి ఒడి చాలినది కూడ. కోస్తావారి గూడుబండిలోనైనను, తెలంగాణమువారి సవారి కచ్చడములోనైనను, వరిగడ్డి పరచి, దానిపై బొంత వేసి, ముసలమ్మను నడుమ కూర్చుండబెట్టి, ఆమె యొడిలో పసివానిని పండుకొనబెట్టిన పిదపనే బండి కదలెడిది. గంటకొక క్రోసెడు దూరము పోవు ఎడ్లబండి గుంటలో పడినను ఆ కుదుపు ఆ యొడిలోనే యడగిపోవును. ఆ వేగమునకు మనుష్యుని చేతులే తగినంత కట్టుబాటు. చెరకు నరకుటకు వచ్చు కూలిజనమునకు బండియు లేదు. తల్లులు పాతచీరతో జోలె కట్టి బిడ్డను మేనికి వ్రేలవేసికొని నడచివచ్చి, తోట యంచున తుమ్మకొమ్మకు ఆ చీరతోనే ఉయ్యాల కట్టి, పనిలో దిగుచుండిరి. బిడ్డ శరీరమును తాను పట్టుకొని తల్లి చేతులను విడిచిపెట్టు సాధనము మన సీమలో ఆ జోలె యొక్కటియే; బండిలో కూర్చుండు ఇండ్లవారు దానిని పేదరికపు చిహ్నముగ నెంచిరే గాని, అందలి యుక్తిని గుర్తింపలేదు.

వేగము మారినను ఆచారము మారలేదు. 1932లో నిజాము ప్రభుత్వపు రైల్వేశాఖ 27 బస్సులతో రోడ్డురవాణా నారంభించెను. 1937లో బోధనునకు చేరువనే శక్కర్‌నగరమున నిజాము చక్కెర కర్మాగారము వెలసి, ఆసియాఖండమున మిక్కిలి పెద్దదని కొంతకాలము ప్రసిద్ధి వహించెను. చెరకుబండ్ల వరుసలను తప్పించుకొనుచు బస్సులును, తరువాత కార్లును ఆ త్రోవల పరుగిడసాగెను. అన్నిటను బిడ్డ ఒడిలోనే. ఒడిలోని బిడ్డకు టిక్కెట్టు లేదు గనుక, ప్రయాణికుల లెక్కలో ఆ బిడ్డ లేనేలేడు. ఇది స్వల్పవిషయమని తోచును గాని, రాబోవు కథకంతకును బీజమిదియేయని నా నమ్మకము.

కార్లు విరివియైన దేశములలో ఈ సంగతి ముందుగా బయటపడెను. 1930లనాటి అమెరికా కారు సీట్లు బిడ్డను కాపాడుటకు పుట్టినవి కావు. అల్లరి మాన్పి, కిటికీ యెత్తునకు లేపి కూర్చుండబెట్టుటకు పుట్టినవి. 1962లో బ్రిటనున జీన్ ఏమ్స్ అను నామెయు, కొలరాడోలో లెనార్డ్ రివ్కిన్ అను నాతడును, ఒకరితో నొకరికి పొత్తు లేకయే, ప్రమాదమున శిశువును నిలుపు ఆసనములను కల్పించిరి. ఆ దశకముననే స్వీడనుదేశమున బెర్టిల్ ఆల్డ్‌మన్ అను వైద్యుడు, వ్యోమగాములు వెల్లకిల పరుండి యొత్తిడిని వీపంతటితో భరించు విధము గమనించి, శిశువు మొగము వెనుకకుండునట్లు కారు సీటును రూపొందించెను. టెనెసీ రాష్ట్రము 1978లో పసిబిడ్డలకు కారు సీటును విధాయకము చేయగా, 1985 నాటికి తక్కిన అమెరికా రాష్ట్రములును శాసనములు చేసెను. గగనయాత్రనుండి నేర్చిన ఉపాయము నేలమీది బండ్లకు శాసనమైనది. గగనమున ఎగురు వాహనమునకు మాత్రము నేటికిని కాలేదు.

నిజాము ప్రభుత్వము టాటాలతో కలిసి 1945లో స్థాపించిన డెక్కన్ ఎయిర్‌వేస్ విమానములు బేగంపేటనుండి ఎగురుచుండిన దినములలో, చెరకుసీమ రైతునకు విమానము తలయెత్తి చూచు వస్తువే. ఆ సంస్థ 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో లీనమైనది. కాలక్రమమున రైతుబిడ్డలు చదువులకును ఉద్యోగములకును అమెరికా చేరిన పిదప విమానయానము వర్ని ఇండ్లలోనికి వచ్చెను. వారితోపాటు ఒడియాచారమును విమానమెక్కెను. రెండేండ్లు నిండని బిడ్డకు వేరు సీటు కొనకయే పోవచ్చునను నియమము దానికి ఆదరువైనది. ఎదుటి గోడకు తగిలించు తొట్టె గగనమధ్యమున నిద్రకేగాని, విమానమెగురునపుడును దిగునపుడును బిడ్డ మరల ఒడిలోనికే రావలెను. 1988లో అమెరికా ప్రభుత్వము క్రొత్త నమూనాల విమానముల ఆసనములు గురుత్వాకర్షణకు 16 రెట్ల తాకిడికి నిలువవలెనని నిర్ణయించెను. ఆ తాకిడిలో పది కిలోల బిడ్డ 160 కిలోల బరువై చేతులనుండి లాగికొనిపోవును. ఏ మల్లుని చేతులును దానిని పట్టజాలవు. అవ్వ మాట చెప్పనేల?

ఈ గణితము 1989 జూలై 19న ప్రత్యక్షమైనది. డెన్వరునుండి షికాగోకు పోవుచున్న యునైటెడ్ 232వ విమానము, వెనుకటి ఇంజను బ్రద్దలై, సూ సిటీ విమానాశ్రయమున కూలినది. 296 మందిలో 112 మంది మరణించిరి. ఒడిబిడ్డలు నలుగురుండిరి. నియమావళి ప్రకారము వారిని దుప్పట్లతో నేలపై తల్లుల కాళ్ళచెంత ఉంచవలసినదని ప్రధానపరిచారికయైన జాన్ బ్రౌన్ చెప్పవలసివచ్చెను. ఆ నలుగురిలో నొకడు మరణించెను. మరియొక శిశువు ఏడ్పు విని ఒక ప్రయాణికుడు పొగలోనికి మరల ప్రవేశించి ఆ బిడ్డను వెలికి తెచ్చెను. తాను నిర్వర్తించిన యా నియమమునే మార్పింపవలెనని ఆ పరిచారిక అటుపిమ్మట అనేక సంవత్సరములు పోరాడెను. 1992లో, సీటు కొన్నవారు ఆమోదముద్ర గల కారు సీటు వాడుటను విమానసంస్థలు నిరాకరింపరాదని మాత్రము నిర్ణయమయ్యెను. వాడి తీరవలెనను ప్రతిపాదనను ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ అను విమానయానశాఖ 2005లో విడిచిపెట్టెను. బిడ్డకును టిక్కెట్టు కొనవలసివచ్చినచో కొన్ని కుటుంబములు విమానము మాని కారులో పోవుననియు, రోడ్డుమీద అంతకంటె నెక్కువమంది మరణింతురనియు వారి వాదము. ఆ లెక్కలో తప్పున్నదని నేననను. కాని విమానము దిగునపుడు కాఫీపాత్రకు సైతము అర యుండవలెనను శాఖ, బిడ్డవిషయమున టిక్కెట్టు ధరవద్ద ఆగిపోవుట చూడగా, మన బస్సు కండక్టరు లెక్కయే సముద్రము దాటి శాసనమైనదని తోచును.

దేశములు ఒక్కమాటమీద లేకుండుట మరియొక చిక్కు. తల్లి బెల్టునకు తగిలించు చిన్న బెల్టు ఐరోపాలో ఒడిబిడ్డకు తప్పనిసరి. అమెరికా విమానములలో ఎగురునపుడును దిగునపుడును నిషిద్ధము, ఏలయన తాకిడిలో తల్లి శరీరభారము బిడ్డమీద పడునని వారి భయము. అమెరికా నియమముల ప్రకారము కారు సీటుపై, కారులోను విమానములోను వాడవచ్చునని ఎర్ర అక్షరములలో వ్రాసి యుండవలెను. వీపు లేని బూస్టరు సీటు పనికిరాదు. ఇతరుల దారికి అడ్డము రాకుండ కిటికీప్రక్కనే అమర్చవలెను, అత్యవసరద్వారపు వరుసలో పనికిరాదు.

కూతురు పురుటికని అమెరికా పోయిన వర్ని అమ్మమ్మలకు కారు సీటు క్రొత్త కాదు. అది చూపనిదే పసికందును ఇంటికి పంపని ఆసుపత్రులను వారు చూచియే యున్నారు. మనదేశమునను 2019 నాటి మోటారువాహనముల చట్టసవరణ, పదునాలుగేండ్లలోపు బిడ్డను బెల్టుతోనో తగిన ఆసనముతోనో కట్టకున్నచో వేయి రూపాయల జరిమానా విధించినది. అయినను శంషాబాదు విమానాశ్రయమునుండి వర్నికి సుమారు 200 కిలోమీటర్ల దారిలో మనుమడు అవ్వ యొడిలోనే నిద్రపోవుచుండును. టిక్కెట్టునకు వెరచి, కారు సీటును సామానుతోపాటు విమానము కడుపున వేసి, బిడ్డను ఒడిలో మోసికొని వచ్చువారే యెక్కువ. సామాను విసరువారి చేతులలో ఆ సీటు పైకి కనబడని బీటలు వారునేని దిగిన తరువాత కారులోనైనను అది నమ్మదగినది కాదని నిపుణులు హెచ్చరించుచున్నారు. టిక్కెట్టు కొనజాలనివారు సహితము విమానద్వారమువరకు దానిని చేతితో కొనిపోయి, ప్రక్కసీటు ఖాళీగా నున్నదేమోయని అడిగి చూచుట మేలు. కొన్ని సంస్థలు అట్టి యెడ వెల లేకయే బిడ్డను అందు కూర్చుండబెట్టనిచ్చును.