సరిహద్దు చెంత కొండపల్లి, దాని రైలుబాట

కొండపల్లి యనగానే తెల్లపొణికి కొయ్యబొమ్మలు మన తలపునకు వచ్చును. రెండు ప్రభుత్వముల యెల్లచెంత ఆ యూరు తరతరములుగా బ్రతికిన సంగతిని మాత్రము మనము తరచు మరచుచుందుము. నేడు బెజవాడకు శివారువలె నున్న ఆ యూరి పూర్వచరిత్రను కొంత తలచుకొందము.

14వ శతాబ్దిలో రెడ్డిరాజులనాడు వెలసిన కొండపల్లి దుర్గము పిమ్మట గజపతులకు వశమయ్యెను. కళింగ దండయాత్రలో శ్రీకృష్ణదేవరాయలు దానిని గైకొనెను. అటుపిమ్మట అది గోలకొండ సుల్తానుల చేజిక్కెను. 1766లో ఇంగ్లీషు కంపెనీ సేనలు కోటను పట్టుకొన్నవి. ఆ యేటి నవంబరులో నిజాముతో జరిగిన ఒడంబడికవలన ఈ సీమ కంపెనీపాలయ్యెను. ఊరికి కొద్ది మైళ్ల దూరమున నిజాము రాజ్యపు హద్దు ఏర్పడినది. వజ్రపు గనులున్న పరిటాల మొదలగు గ్రామములు మాత్రము చుట్టును కంపెనీ సీమ యున్నను నిజాము క్రిందనే నిలిచిపోయినవి.

1883లో లండనునందు ఏర్పడిన నిజాము హామీ రైల్వే కంపెనీ తన బాటను 1889లో బెజవాడకు చేర్చెను. సింగరేణి బొగ్గునకు ఈ మార్గమున కోస్తాకు దారి దొరకినది. ఇందొక విశేషము కలదు. బెజవాడనుండి సరిహద్దువరకు గల సుమారు 21 మైళ్ల బాట బ్రిటిషు ప్రభుత్వపు సొత్తు. దానిపై బండ్లు నడపినవారు నిజాము రైల్వేవారు. కొండపల్లి రైతు శిస్తు కట్టినది చెన్నపట్టణపు దొరతనమునకు. అతడు టిక్కెట్టు కొన్నది నిజాము రైల్వేవారివద్ద.

హద్దుకు ఇరువైపుల భాష యొక్కటే, చుట్టరికము లొక్కటే. అయినను ఆవలికి పోవు సరకుపై నిజాము ప్రభుత్వము కరోడ్గిరి సుంకము వసూలు చేసెడిది. 1947లో పరిటాల ప్రజలు నిజాము పాలనను త్రోసిపుచ్చి తమది స్వతంత్ర రాజ్యమని చాటిరి. రజాకార్ల దౌర్జన్యములకు తాళలేక అనేక కుటుంబములు హద్దు దాటి కృష్ణాజిల్లాలో తలదాచుకొన్నవి. 1948 సెప్టెంబరు 13న భారత సేనలు హైదరాబాదు సంస్థానమున ప్రవేశించినప్పుడు ఒక దండు కదలినది బెజవాడ వైపునుండియే.

1950లో నిజాము రైల్వే కేంద్రప్రభుత్వపరమై, ఆ పేరు మాసిపోయినది. 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరణతో రాష్ట్రపు హద్దును చెరిగిపోయెను. 2014 జూన్ 2న తెలంగాణ వేరుపడగా ఈ ప్రాంతమున ఇంచుమించు ఆ పాత గీతయే మరల రాష్ట్రముల యెల్లయైనది. ఇప్పుడు సుంకపు చావడి లేదు. బండి యేకబిగిని సాగిపోవును.

1979నుండి చెంతనున్న ఇబ్రహీంపట్టణమున థర్మల్ విద్యుత్కేంద్రము పని చేయుచున్నది. 2021లో ఈ రెండూళ్లును కలిసి పురపాలక సంఘమైనవి. కొత్త యిండ్ల నడుమ పాత గురుతులు మరుగుపడుట సహజము. కోటను గురించి శాసనములు చెప్పును. సుంకపు చావడిని గురించి, కాందిశీకులై వచ్చినవారిని గురించి చెప్పవలసినవారు ఇంటి పెద్దలే. ఎల్లకు ఆవల ఈవల బంధువులున్న శ్రోతలు తమ పెద్దల నడిగి, ఆ మాటలను వ్రాసి యుంచవలసినదిగా మేము కోరుచున్నాము.