చిత్ర కవాటం వెనుక ఒక సంస్థ

గుండె జబ్బు అనగానే మనకు పెద్ద వయసు, రక్తనాళాల్లో పేరుకున్న కొవ్వు గుర్తుకొస్తాయి. కానీ 1970లలో మన ఆసుపత్రులకు గుండె ఆపరేషన్ కోసం వచ్చినవారిలో పిల్లలు, యువతీయువకులు ఎందరో ఉండేవారు. చిన్నప్పుడు స్ట్రెప్టోకాకస్ సూక్ష్మజీవుల వల్ల గొంతునొప్పి వస్తుంది. కొందరిలో దాని వెనుకనే రుమాటిక్ జ్వరం వచ్చి, గుండె కవాటాలను పాడుచేస్తుంది. పాడైన కవాటం స్థానంలో కృత్రిమ కవాటం అమర్చవచ్చు. అయితే అది విదేశాల నుంచి రావాలి. దాని ధర పేద కుటుంబానికి అందనిది.

తిరువాన్కూరు రాజకుటుంబం 1973లో తిరువనంతపురంలోని ఒక బహుళ అంతస్తుల భవనాన్ని ప్రజలకు కానుకగా ఇచ్చింది. మరుసటి సంవత్సరం దాని బాధ్యత చేపట్టినవారు డాక్టర్ ఎం.ఎస్. వలియత్తాన్, గుండె శస్త్రచికిత్స నిపుణుడు. 1976లో రోగులకు సేవలు మొదలయ్యాయి. ఆసుపత్రితో పాటు ఇంజనీర్ల ప్రయోగశాల కూడా ఉండాలన్నది ఆయన పట్టుదల. దానికి పూజప్పురలోని శాటెల్‌మండ్ ప్యాలెస్ చోటిచ్చింది. రాణిగారి భవనంలో లేత్ యంత్రాలు, పాలిమర్ పరీక్షలు! 1980లో పార్లమెంటు చట్టంతో ఈ రెండు విభాగాలూ కలిసి, విశ్వవిద్యాలయ హోదాగల శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ అయ్యాయి. నా దృష్టిలో భవనాల కన్నా ఈ కలయికే ముఖ్యం.

ఎందుకో కవాటం కథ చెబుతుంది. మన గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. ప్రతిసారీ కవాటంలోని బిళ్ళ వాలి తెరుచుకోవాలి, తిరిగి మూసుకోవాలి. ఏడాదికి 3.5 కోట్లకు పైగా దెబ్బలన్నమాట. అందుకే నమూనాలను యంత్రంపై అనేక రెట్ల వేగంతో ఆడించి అరుగుదల చూస్తారు. మొదటి నమూనా వెల్డింగ్ చేసిన చోట విరిగింది. రెండవ దానిలో కృత్రిమ నీలమణి బిళ్ళ టైటానియం చట్రాన్ని అరగదీసింది. మూడవ దానిలో గట్టి కోబాల్ట్ మిశ్రమలోహపు చట్రం పెట్టారు. ఈసారి ఆ నీలమణి బిళ్ళే పగిలింది. గట్టిదనం ఒక్కటే చాలదని తేలింది. నాల్గవ నమూనాలో ఒకే లోహపు దిమ్మె నుంచి వెల్డింగ్ లేకుండా చట్రం చెక్కారు. బిళ్ళను మెత్తని పాలిథిలీన్‌తో చేశారు. కృత్రిమ తుంటి కీళ్ళలో వాడే రకం అది. పనిలో పనిగా చప్పుడూ తగ్గింది.

ఇన్నేళ్ళు ఫలితం లేకుండా ఖర్చుపెట్టడం తేలిక కాదు. దిగుమతి చేసుకోవచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. కానీ నమూనా విరిగినప్పుడల్లా లోహశాస్త్రజ్ఞుడూ సర్జనూ ఒకే సంస్థలో మాట్లాడుకోగలిగారు. గొర్రెలలో పరీక్షించాక, 1990 డిసెంబరులో తొలిసారి మనిషికి అమర్చారు. ఆ తరువాత టీటీకే సంస్థ తయారీకి పూనుకుంది. ప్రెషర్ కుక్కర్లతో మన వంటిళ్ళకు తెలిసిన పేరే. ఇంతవరకు లక్షకు పైగా కవాటాలు అమర్చారు. వలియత్తాన్ 2024లో కన్నుమూశారు.

ఒక మాట మాత్రం మరువరాదు. లోహపు కవాటం పెట్టుకున్నవారు రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మాత్ర వేసుకోవాలి, తరచు రక్తపరీక్ష చేయించుకోవాలి. మోతాదు తగ్గితే కవాటం వద్ద గడ్డ కడుతుంది, ఎక్కువైతే రక్తస్రావం అవుతుంది. ఆ పరీక్ష దగ్గరలో లేని ఊళ్ళు మనకు ఇంకా ఉన్నాయి.