అద్దము లేచిన వేళ

ఛాయాచిత్రములకును వీడియోకును పనికివచ్చునట్లు ఒక్కటే కెమేరా కొనదలచిన మిత్రులు మమ్ము తరచు సలహా యడుగుచుందురు. ఏ కంపెనీది మంచిది, ఎన్ని మెగాపిక్సెళ్లు ఉండవలెను అనునవి వారి ప్రశ్నలు. మేము మాత్రము ఎదురుప్రశ్న యొకటి వేయుదుము: కెమేరాలో అద్దము ఎందుకున్నదో ఎరుగుదురా? ఆ యద్దము కథ తెలిసినవారికి ఎన్నిక సులభమగును. తెలియనివారు వేలకువేలు పోసి, తమ పనికి పొసగని యంత్రమును ఇంటికి తెచ్చుకొందురు. పెండ్లి చిత్రములు తీసి జీవించువారి విషయమున ఇది మరింత నిజము. జీలకర్ర, బెల్లము పెట్టు ముహూర్తము ఒక్కసారియే వచ్చును. ఆ క్షణమున కెమేరా మొండికెత్తినచో ఏ పురోహితుడును దానిని మరల రప్పింపలేడు.

కెమేరాలోని అద్దము ఫిల్ముకంటె ప్రాచీనమైనది. చీకటిపెట్టెకు సన్నని రంధ్రము చేసినచో బయటి దృశ్యము లోపలి గోడపై తలక్రిందులుగా పడునను సంగతి పూర్వులకు తెలియును. 1685లో యోహాన్ జాన్ అను జర్మను పండితుడు ఆ పెట్టెలో ఏటవాలుగా అద్దము నిలిపి, బొమ్మను పైనున్న గాజుపలకమీదికి మరలించు విధమును వర్ణించెను. అయితే ఆ బొమ్మను పట్టి నిలుపు రసాయనము నాడు లేదు. 1839లో డాగెర్ కనిపెట్టిన పద్ధతి పారిస్ నగరమున వెల్లడియైన పిదపనే ఛాయాచిత్రకళ లోకమున వ్యాపించినది. 1861లో ఇంగ్లండునందు థామస్ సటన్ ఈ అద్దమును ఛాయాచిత్రపు కెమేరాలో అమర్చు విధమునకు పేటెంటు పొందెను.

అందలి లాభమేమి? ఇతర కెమేరాలలో చూచు కన్ను వేరు, పట్టు కన్ను వేరు. ఛాయాగ్రాహకుడు ఒక కిటికీనుండి చూచును. లెన్సు మరియొక చోటనుండి పట్టును. అద్దమున్న కెమేరాలో ఆ రెండు కన్నులును ఒకటే. లెన్సు చూచినదే మన కంటికి కనబడును. మీట నొక్కినంతనే అద్దము పైకి లేచి వెలుతురుకు దారి యిచ్చును. ఫిల్ముపై బొమ్మ పడును. ఇట్లు ఒక్క లెన్సుతోనే చూచుట, పట్టుట రెండును జరుగుచున్నందున దీనికి ఆంగ్లమున సింగిల్ లెన్స్ రిఫ్లెక్స్ అను పేరు కలిగినది. ఎస్ఎల్ఆర్ అనునది దాని సంక్షిప్తరూపము.

1925లో వెలువడిన లైకా కెమేరా వలన 35 మిల్లీమీటర్ల ఫిల్ముపై 24, 36 మిల్లీమీటర్ల కొలతల చిన్నబొమ్మ ప్రసిద్ధమైనది. 1936లో డ్రెస్డెన్ నగరమునుండి వచ్చిన కీనె ఎక్సాక్టా ఆ ఫిల్మునకు అద్దమును జతచేసినది. కాని దానిలో పైనుండి క్రిందికి తొంగిచూడవలెను. కుడి యెడమగా కనబడును. 1949లో అదే నగరమున తయారైన కాంటాక్స్ ఎస్ కెమేరాలో అద్దముపై పంచకోణపు గాజు పట్టకము నిలిపి, దృశ్యమును సరిగా చూపిరి. ఇంకొక యిబ్బంది మిగిలినది. ఆ కాలపు కెమేరాలు పెక్కింటిలో ఒకసారి లేచిన అద్దము, ఫిల్ము తిప్పువరకు దిగెడిది కాదు. అంతదనుక కంటిముందు చీకటియే. 1954లో జపానునందు వచ్చిన ఆసాహీఫ్లెక్స్ 2బీ కెమేరాలో అద్దము లేచిన మరుక్షణమే దిగుచుండెను. 1959లో నికాన్ ఎఫ్ వచ్చినది. పిమ్మట వార్తాపత్రికల ఛాయాగ్రాహకుల చేతులలో ఈ జాతి కెమేరాయే రాజ్యమేలినది.

ఫిల్ము పోయినను అద్దము పోలేదు. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బాయిల్, స్మిత్ అను శాస్త్రజ్ఞులు వెలుతురును విద్యుత్తుగా మార్చి పట్టుటకు ఉపకరించు సీసీడీ అను సిలికాన్ బిళ్లను రూపొందించిరి. అందులకు 2009లో నోబెల్ బహుమానము పొందిరి. 1975లో కోడక్ సంస్థ ఇంజనీరు స్టీవెన్ సాసన్ అటువంటి బిళ్లతో ఒక కెమేరా కట్టెను. దాని బరువు 3.6 కిలోలు, బొమ్మలో చుక్కలు 10,000 మాత్రమే. ఒక్క బొమ్మ క్యాసెట్టు టేపుపై ఎక్కుటకు 23 సెకన్లు పట్టెను. 1991లో కోడక్ వారే నికాన్ ఎఫ్3 కెమేరాకు 1.3 మెగాపిక్సెళ్ల బిళ్లను తగిలించి విక్రయించిరి. 1999లో నికాన్ డీ1, 2003లో సామాన్యులకు కొంత అందుబాటైన కెనన్ 300డీ వచ్చినవి. నేడు మనము డీఎస్ఎల్ఆర్ అని పిలుచునది ఈ వంశమే.

ఇంతవరకు కథ నిశ్చలచిత్రములది. 2008లో మలుపు వచ్చినది. ఆగస్టులో వెలువడిన నికాన్ డీ90 వీడియో తీయగల మొదటి డీఎస్ఎల్ఆర్ అయినది. మరుసటి నెలలో ప్రకటితమైన కెనన్ 5డీ మార్క్ 2, పాత ఫిల్మంత బిళ్లపై 1,080 వరుసల నిండు వీడియో పట్టినది. పెద్ద బిళ్ల, పెద్ద లెన్సు కలిసినందున మనిషి ముఖము స్పష్టముగను, వెనుకటి దృశ్యము మెత్తగను కనబడు సినిమా సొగసు చౌకగా చేతికి వచ్చినది. 2010 మే నెలలో అమెరికా టెలివిజన్ ధారావాహిక 'హౌస్' యొక్క ఒక భాగమును ఈ కెమేరాతోనే తీసిరి. తెలుగునాటను 2011లో రామ్‌గోపాల్ వర్మ 'దొంగల ముఠా'ను కెనన్ 5డీ కెమేరాలతో అయిదు దినములలో చిత్రీకరించిరి.

కాని వీడియో తీయవలెనన్న వెలుతురు ఎడతెగక బిళ్లపై పడవలెను. అనగా అద్దము లేచియే యుండవలెను. 1954లో తొలగిన చీకటి కంటికిటికీలోనికి మరల వచ్చినది! ఛాయాగ్రాహకుడు కన్ను తీసి, వెనుకనున్న చిన్నతెరను చూడక తప్పలేదు. బొమ్మను వేగముగా స్పష్టపరచు యంత్రాంగము అద్దమునుండి వెలుతురు పొందునట్టిది. అద్దము లేచినంతనే అదియు మూగవోయినది. కదలు మనిషిని అనుసరించుట చేతితో లెన్సు త్రిప్పువాని నేర్పుపై ఆధారపడినది. 2013లో కెనన్ 70డీ కెమేరాలో బిళ్లయే స్వయముగా దూరము గ్రహించు ఏర్పాటు వచ్చిన పిదప ఈ బాధ చాలవరకు తగ్గినది.

మరికొన్ని చిక్కులను గూడ చెప్పవలెను. డీ90 నిండు నాణ్యతతో ఒక్క తడవకు 5 నిమిషములు మాత్రమే తీయుచుండెను. 5డీ మార్క్ 2లో ఒక ఫైలు నాలుగు గిగాబైట్లకు చేరినంతనే, అనగా సుమారు 12 నిమిషములకు, వీడియో తానుగా ఆగుచుండెను. కన్యాదానము నడుమ ఇట్లాగినచో ఏమి చేయుదుము? రేడియో వినువారికి ధ్వని విలువ మేము చెప్పనక్కరలేదు. డీ90కి వేరు మైకు తగిలించు రంధ్రమే లేదు. 5డీ మార్క్ 2కి మైకు రంధ్రమున్నను, చెవికి పెట్టుకొని సరిచూచుకొను సదుపాయము లేదు. అది 2012లో మార్క్ 3తో వచ్చినది. ఇక దీపముల సంగతి. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులది. దీపముల వెలుతురు 100 మారులు హెచ్చుచు తగ్గుచుండును. కనుక సెకనుకు 25 బొమ్మలు, షట్టరు 1/50 సెకను ఉంచినచో మినుకు కనబడదు. 5డీ మార్క్ 2 తొలుత 30 బొమ్మలే తీసినది; 2010 మార్చిలో కంపెనీవారు 24, 25 బొమ్మల వేగములను చేర్చిరి.

ఆ 2008లోనే, ఆ సెప్టెంబరులోనే, పానసోనిక్ జీ1 అను అద్దము లేని కెమేరా ప్రకటితమైనది. ఎల్లప్పుడు బిళ్లయే చూచును. కంటికిటికీలో చిన్నతెర యుండును. కనుక వీడియోలోను చీకటి రాదు. 2013లో సోనీ ఏ7 పెద్ద బిళ్లతో ఆ దారినే నడచినది. 2018లో నికాన్, కెనన్ సంస్థలును పెద్ద బిళ్లగల అద్దము లేని కెమేరాలను తెచ్చినవి. 2020 తరువాత ఆ రెండు సంస్థలును కొత్త అద్దపు కెమేరాను వెలువరింపలేదు. పెంటాక్స్ మాత్రము 2021లో కె-3 మార్క్ 3ను తెచ్చి, అద్దమును విడువలేదు.

ఈ చరిత్రనుండి మేము గ్రహించినది ఇది. మీ పని ముఖ్యముగా నిశ్చలచిత్రములైనచో అద్దపు కెమేరా నేటికిని నమ్మదగినదే. బ్యాటరీ ఎక్కువ సేపు వచ్చును. ఎండలోను కంటికిటికీ నిర్మలముగా నుండును. వాడిన సరుకు తక్కువ ధరకు దొరకును. అట్లు కొనునప్పుడు షట్టరు ఎన్నిమారులు పనిచేసినదో అడుగుడు. 5డీ మార్క్ 2 షట్టరు 1,50,000 మారులకు పరీక్షింపబడినదని తయారీదారులు చెప్పియుండిరి. వీడియోయే ప్రధానమైనచో అద్దము మీకు బరువే గాని అండ కాదు. అద్దము లేని దానినే ఎన్నుకొనుడు. రెండును సమానమైనచో మైకు రంధ్రము, ధ్వని సరిచూచు రంధ్రము, 25 బొమ్మల వేగము, ఆగక ఎంతసేపు తీయగలదను లెక్క, ఈ నాలుగింటిని అంగడిలోనే పరీక్షించి, మెగాపిక్సెళ్లను పిదప లెక్కింపుడు.

చివరిమాట. కెమేరా పెట్టె కొన్నియేండ్లకు పాతబడును. లెన్సు తరములు మారినను నిలుచును. నికాన్ లెన్సుల అతుకు 1959నాటిది, కెనన్‌ది 1987నాటిది. నడుమ ఒక కడియము పెట్టినచో ఆ పాత లెన్సులలో పెక్కు నేటి అద్దము లేని కెమేరాలపైనను పనిచేయును. నికాన్ పాత లెన్సులు కొన్నింటికి కంపెనీవారి కడియముతో స్పష్టతను చేతితోనే కుదుర్చుకొనవలెను. కావున సొమ్ము పరిమితమైనవారు పెట్టెపై పొదుపు చేసి, లెన్సుపై వెచ్చించుట మేలు. మూడు శతాబ్దములు దారి చూపిన అద్దము నేడు పక్కకు తొలగుచున్నది. లెన్సు చూచినదే మన కంటికి కనబడవలెనని అది నేర్పిన పాఠము మాత్రము అద్దము లేని కెమేరాలోను నిలిచియున్నది.