నడిచేవారి ఛాయ

1943 ఆగస్టు 22వ తేదీన కలకత్తాలోని 'స్టేట్స్‌మన్' పత్రిక వంగదేశపు కరవు ఛాయాచిత్రాలను ప్రకటించినది. అంతవరకు ప్రభుత్వంవారి భాషలో ఆహారపు కొరత ఉన్నదే గాని కరవు లేదు. పల్లెలు విడిచి నగరం దారి పట్టిన జనం ఆ వీధులలో ఇల్లిల్లూ తిరిగినారు. వారడిగినది అన్నం గూడ కాదు, అన్నం వార్చి పారబోసే గంజి. ఆ కరవులో పోయిన ప్రాణాలు సుమారు 30 లక్షలని అంచనా. అధికారుల నివేదికలు దాచిన సంగతిని ఆ బొమ్మలు ఒక్క ఉదయాన బయట పెట్టినవి.

ఆ యేడే సునీల్ జానా అనే యువకుడు ఈ దారిమీదికి వచ్చినాడు. 1918లో అస్సాంలో జన్మించి, కలకత్తాలో ఆంగ్లసాహిత్యం చదువుకొంటూ, సరదాకు కెమేరా పట్టినవాడు. కమ్యూనిస్టు పార్టీ కార్యదర్శి పి. సి. జోషీ అతనిని చదువు నడుమనుండి లేవదీసి, చిత్రకారుడు చిత్తప్రసాద్‌తోపాటు కరవు పల్లెలకు వెంటబెట్టుకొని పోయినాడు. చిత్తప్రసాద్ మిడ్నపూరు జిల్లాలో చూచినదానిని మాటలలోను గీతలలోను పెట్టి 'హంగ్రీ బెంగాల్' అనే చిన్న పుస్తకంగా తెస్తే, ప్రభుత్వం దానిని నిషేధించి ప్రతులను తగలబెట్టించినది. కుటుంబం దాచుకొన్న ఒక ప్రతి మిగిలినందువల్లనే ఈనాడు మనం దానిని చూడగలుగుతున్నాము. జానా చిత్రాలు పార్టీ పత్రికలో అచ్చయి దేశమంతటా తిరిగినవి.

జానా కరవు చిత్రాలకు, తరువాత అతడు తీసిన రైతుల, కూలీల, గిరిజనుల చిత్రాలకు ఒక తేడా ఉన్నది. మొదటివానిలో మనిషి నేలకు ఒరిగి ఉంటాడు. మనం పైనుండి చూస్తాము. రెండవవానిలో కెమేరా తరచు నేలకు దిగి, మనిషిని ఆకాశం మీద నిలబెట్టి చూపుతుంది. ఈ రెండవ పద్ధతిలో పార్టీ ప్రచారపు వాసన ఉన్నదని కొందరి ఆక్షేపణ. ఉన్నమాట నిజమే. అయినా ఆకలిని చూచిన కన్నే ఆ మనిషికి కాళ్ళమీద నిలిచే శక్తి ఉన్నదనిగూడ చెప్పదలచినదని నేను గ్రహిస్తాను. ఏ మనిషి దుఃఖం చూపినా అతని సంకల్పం చూపకపోతే సగం మనిషినే చూపినట్లు.

ఈ సగం సంగతే దేశవిభజననాటి చిత్రాలలో నన్ను బాధిస్తుంది. మార్గరెట్ బూర్క్-వైట్ అనే అమెరికన్ ఛాయాగ్రాహకురాలు 1947లో పంజాబు కాందిశీకుల వరుసల వెంట తిరిగి తీసిన బొమ్మలు ఆ యేడు నవంబరులో 'లైఫ్' పత్రికలో వచ్చినవి. ఎడ్లబండ్లు, మూటలు, భుజాలమీద మనుషులను మోసే మనుషులు, అంతులేని ధూళి. విభజన అనగానే ప్రపంచం కంటికి కట్టే రూపం నేటికీ చాలవరకు ఆమె ఇచ్చినదే. కాని ఆమెతో ప్రయాణించిన విలేఖరి లీ ఐటింగన్ తరువాత చెప్పిన ఒక సంగతి మరపునకు రాదు. బొమ్మ కుదరడానికి ఆ అలసిన జనాన్ని బూర్క్-వైట్ వెనుకకు పంపి మళ్ళీ మళ్ళీ నడిపించినదట. కాదనడానికి వారికి భయం. ఆ చిత్రాలు అబద్ధమని నేననను. ఆ నడక, ఆ ధూళి, ఆ చావు అన్నీ జరిగినవే. అయితే పోలీసు, గుంపు, ప్రభుత్వం తోసిన తరువాత వారిని మరొకసారి తోసినది కెమేరా. (కథ వ్రాసేటప్పుడు మన పాత్రలను మనమెన్నిసార్లు ఇట్లా వెనుకకు పంపి నడిపిస్తున్నామో ఎవరికి వారు తడిమి చూచుకోవలసినదే.)

నిలిచిన బొమ్మకు గల ఈ చిక్కును తరువాతి తరంవారు కదిలే బొమ్మతో విప్పజూచినారు. అమర్ కన్వర్ 1997లో తీసిన 'ఎ సీజన్ ఔట్‌సైడ్' అనే అరగంట చిత్రంలో వాఘా సరిహద్దు ఉన్నది. సైనికుల బూట్ల చప్పుడు అందరూ చూపేదే. కన్వర్ కెమేరా అక్కడి హమాలీల దగ్గర ఆగుతుంది. ఈ దేశపు కూలీ మూటను నెత్తిన మోసుకొని తెల్లగీత వరకు వస్తాడు. ఆ దేశపు కూలీ గీతకు అటువైపు నిలిచి దానిని తన నెత్తికి ఎత్తుకొంటాడు. వారి చొక్కాల రంగులు వేరు, బరువు ఒకటే. గీత దాటే హక్కు మూటకు ఉన్నది, మోసేవానికి లేదు.

నళినీ మలానీ 1946లో కరాచీలో పుట్టినది. పసితనంలోనే ఆమె కుటుంబం కాందిశీకులై కలకత్తా చేరినది. 1998 మే నెలలో పోఖ్రాన్‌లో అణుపరీక్షలు జరిగినవి. ఆ నెలాఖరుకు పాకిస్తాన్ కూడ జరిపినది. దానికి సమాధానంగా ఆమె 'రిమెంబరింగ్ టోబా టేక్ సింగ్' అనే వీడియో రచన సమకూర్చినది. పేరు సాదత్ హసన్ మంటో కథది. గది నేలమీద 12 ట్రంకు పెట్టెలు, ఒక్కొక్కదానిలో వెలిగే తెర. ఇల్లు వదలిపోయేవాడు చేతికి అందినది కుక్కుకొనే ఆ రేకుపెట్టెలలో వలసల, యుద్ధాల దృశ్యాలు ఆడుతుంటవి. ఎదురెదురు గోడలమీద ఇద్దరు స్త్రీలు, ఒకరు ఈ దేశపు వనిత, ఒకరు ఆ దేశపు వనిత, ఒకే చీరను మడత పెట్టడానికి ప్రయత్నిస్తారు. చీర మడతకు రెండవ మనిషి కావలెనని మన ఇండ్లలో ఎవరికి తెలియదు? ఇక్కడ ఆ రెండవ మనిషి గది అవతల ఉన్నది. ఆ నడుమ నిలబడినది చూడవచ్చిన మనము. బూర్క్-వైట్ బొమ్మను చూచినప్పుడు మనం బండ్ల వరుసకు బయట క్షేమంగా ఉంటాము. మలానీ మనకు ఆ క్షేమం మిగల్చలేదు.

2018 మార్చిలో నాసిక్ నుండి బొంబాయికి సుమారు 180 కిలోమీటర్లు వేలాది రైతులు నడచినప్పుడు, పత్రికలలో ఎక్కువగా కనిపించినవి పగిలి, బొబ్బలెక్కిన పాదాలు. ఆ పాదాలు నగరాన్ని కదిలించినవి. కాని వారు అడవిభూములమీద హక్కు అడగ వచ్చినారు. ఆ అడిగినది పాదాల బొమ్మలో పడదు.

2020 లాక్‌డౌన్‌లో ఈ చిక్కు తెలుగునాటనే ఎదురైనది. ఆ యేడు మే 1వ తేదీ తెల్లవారుజామున లింగంపల్లి స్టేషను నుండి ఝార్ఖండులోని హటియాకు సుమారు 1,200 మంది వలసకూలీలతో 24 పెట్టెల రైలు బయలుదేరినది. దేశంలో ఆ కాలాన కూలీలకై నడచిన మొదటి రైలు అదే. కిటికీలలో ముఖానికి గుడ్డలు కట్టుకొన్న మనుషుల బొమ్మలు అందరూ చూచినారు. రైలు బొమ్మను మాత్రమే చూచినవారికి అది పైవారి దయగా తోచును. అంతకు రెండు రోజుల ముందు, ఏప్రిల్ 29న, సంగారెడ్డి జిల్లా కందిలో భవన నిర్మాణంలో ఉన్న కూలీలు తమ జీతాలు ఇమ్మని, తమను ఇండ్లకు పంపమని పని చోటనే తిరుగబడినారు. పోలీసులతో ఘర్షణ జరిగినది. ఆ రైలులో ఎక్కినవారిలో వారున్నారు. ఆ రాత్రి పదకొండు దాటిన తరువాత హటియాలో దిగినారు.