మెదడు గడప

మెదడుకి ఒక గడప ఉంది. ఆ గడప దగ్గర కాపలా ఉంది. ఇంగ్లీషులో దీన్ని బ్లడ్-బ్రెయిన్ బేరియర్ అంటారు. బేరియర్ అంటే గోడ కదా, గడప అంటాడేమిటి అనుకోకండి. దీని చరిత్ర చదివినకొద్దీ నాకు గడప అన్న మాటే సబబనిపించింది.

1885లో జర్మనీలో పాల్ ఎర్లిక్ జంతువుల రక్తంలోకి రంగులు ఎక్కించి చూశాడు. మిగతా అవయవాలన్నీ రంగు పులుముకున్నాయి. మెదడుకి మాత్రం అంటలేదు. మెదడుకి ఆ రంగు పట్టే గుణం లేదు కాబోలని ఆయన సరిపెట్టుకున్నాడు. ఆయన శిష్యుడు గోల్డ్‌మన్ 1913లో రంగుని రక్తంలోకి కాకుండా మెదడు చుట్టూ ఉండే ద్రవంలోకి ఎక్కించాడు. ఈసారి మెదడు నీలంగా మారింది. మిగతా ఒళ్ళు మారలేదు! అంటే రక్తానికీ మెదడుకీ మధ్య ఏదో అడ్డు ఉందన్నమాట.

1921లో జెనీవాలో ఆ అడ్డుకి పేరు పెట్టి ప్రచారంలోకి తెచ్చినది లీనా స్టెర్న్. ఆ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు అయిన మొదటి స్త్రీ ఆవిడే. 1925లో సోవియట్ దేశానికి వెళ్ళింది. 1949లో స్టాలిన్ ప్రభుత్వం యూదు ప్రముఖుల మీద బనాయించిన కేసులో అరెస్టయింది. 1952లో ఆ కేసులో 13 మందిని కాల్చి చంపారు. ఆవిడకి దేశాంతరవాసం వేశారు. స్టాలిన్ పోయాక తిరిగి వచ్చి 1968 వరకు బతికింది.

1920లలోనే పుట్టీపుట్టని జంతువుల మీద కూడా ప్రయోగాలు చేశారు. వాటి మెదడులోకి రంగులు చొరబడ్డాయి. “పసిపిల్లలకి ఈ అడ్డే ఉండదు” అన్న మాట పాఠ్యపుస్తకాలకెక్కి కూర్చుంది. పసికందుల పచ్చకామెర్లు ముదిరి మెదడు దెబ్బతినడాన్ని అందుకు సాక్ష్యంగా చూపేవారు.

1956లో న్యూయార్కులో సిల్వర్‌మన్ బృందం ఒక విషాదాన్ని బయటపెట్టింది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి ఇన్ఫెక్షన్ రాకుండా ఒక సల్ఫా మందు ఇస్తే, వాళ్ళలో మరణాలూ కామెర్ల వల్ల మెదడు దెబ్బతినడమూ ఎక్కువయ్యాయి. కారణం తరవాత తెలిసింది. కామెర్ల పచ్చ పదార్థం, బిలిరుబిన్, మామూలుగా రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. సల్ఫా మందు వచ్చి దాన్ని లేవగొట్టి ఆ చోట తను కూర్చుంది. ఆసరా పోయిన బిలిరుబిన్ కొవ్వులో కరిగే రకం కనక, కాపలా ఉన్నా గడప దాటేసింది. పాత ప్రయోగాల్లోనూ ప్రోటీన్లు పట్టలేనంత రంగు పోసిన సందర్భాలున్నాయని తరవాతివారు ఎత్తిచూపారు.

1967లో రీస్, కార్నోవ్‌స్కీ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూస్తే, ఎలుక మెదడులోని సన్న రక్తనాళాల కణాలు సందు లేకుండా కుట్టేసినట్టు కనిపించాయి. ఈ కుట్లు పుట్టకముందే పడతాయని ఇప్పుడు తెలుసు. అయితే ఎదిగే మెదడు అవసరాలు వేరు; ప్రోటీన్లకి ముడిసరుకైన అమైనో ఆమ్లాలని పసితనంలో కాపలా ధారాళంగా లోపలికి పంపుతుంది.

ఈ కథలో మన తెలుగువాడి పాత్ర కూడా ఉంది. యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అందించిన అమినాప్టెరిన్‌తో 1948లో బోస్టన్‌లో ఫార్బర్ పిల్లల రక్త కేన్సర్‌ని కొన్నాళ్ళు లొంగదీశాడు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఈనాటికీ వాడుకలో ఉంది. కానీ రక్తంలోకి ఎక్కించిన మందు మెదడులోకి సరిగా చేరదు. అక్కడ నక్కిన కేన్సర్ కణాలు మళ్ళీ తలెత్తేవి. అందుకని ఆ మందుని వెన్నులోని ద్రవంలోకే ఎక్కించడం మొదలుపెట్టారు. గోల్డ్‌మన్ రంగు వెళ్ళిన దారి ఇదే!

మరి ముసలితనంలో? 2015లో కాలిఫోర్నియాలో ఎం.ఆర్.ఐ. తీసి చూస్తే, జ్ఞాపకాలకి ఆయువుపట్టయిన హిపోకాంపస్‌లో వయసుతో పాటు ఈ గడప కారుతున్నట్టు తేలింది. మతిమరుపు మొదలైనవారిలో మరీ ఎక్కువ. 2020లో స్టాన్‌ఫర్డ్‌లో ముసలి ఎలుకలని పరీక్షిస్తే ఇంకో సంగతి బయటపడింది. వయసు మళ్ళాక కాపలావాడు మనిషిని గుర్తుపట్టి పంపడం తగ్గించి, వచ్చినవాళ్ళని వచ్చినట్టు వదిలేస్తున్నాడట. ఇది ఆల్జైమర్స్‌కి కారణమా, ఫలితమా అన్న వాదన ఇంకా తెగలేదు.

ఇదంతా మనకెందుకంటారా? మా అత్తగారు 80 దాటాక ఒకసారి జలుబుకి ఏదో పాతరకం మాత్ర వేసుకుని రెండు రోజులు పొంతన లేకుండా మాట్లాడారు. “పెద్దతనం, ఛాదస్తం” అనుకున్నాం అందరం. డాక్టరు మందుల సంచీ తిరగేసి ఆ మాత్ర మానిపించాక తేరుకున్నారు. ఆ రకం మాత్రలు గడప దాటి జ్ఞాపకశక్తికి కావలసిన సంకేతాలని అడ్డుకుంటాయి. కొత్తరకాలని కాపలా చాలావరకు బయటికి నెట్టేస్తుంది.

కనక పెద్దవాళ్ళ మాట తడబడితే వెంటనే వయసు మీదకి నెట్టెయ్యకండి. ఇండియా నుంచి తెచ్చుకున్నవీ ఇక్కడ కొన్నవీ, మందులన్నీ ఒక సంచీలో వేసి డాక్టరు ముందు పెట్టండి. ఇంట్లో పసిబిడ్డ పచ్చబడితే “ఎండలో పడుకోబెడితే పోతుందిలే” అని ఊరుకోకుండా రక్తపరీక్ష చేయించండి. ఆ రెండు వయసుల్లోనూ గడప లోపలి ప్రాణి తన బాధ తను చెప్పుకోలేదు.