రంగూను ఓడ

అండమానులో ఉద్యోగము చేయు మనకు ఓడ రాకపోకల సంగతి ఎవరును వేరుగ చెప్పనక్కరలేదు. సెలవు మంజూరైన నాటినుండి విశాఖపట్నము ఓడ ఎన్నడు బయలుదేరునని విచారించుటయే ఇంటిల్లిపాదికిని పని. విమానములు వచ్చిన పిదపను ఈ అలవాటు పూర్తిగ పోలేదు. కాని ఒకప్పుడు ఈ రేవునుండి మన వారికి మరియొక త్రోవ కూడ నుండెడిది. అది తూర్పున నున్న రంగూనునకు పోవు త్రోవ.

పోర్టు బ్లెయిరునకు (2024 సెప్టెంబరులో దీనికి శ్రీ విజయపురమని పేరు మార్చిరి) మద్రాసు సుమారు 740 మైళ్లు, కలకత్తా 780 మైళ్లు. రంగూను మాత్రము నాలుగు వందల మైళ్ల లోపే. కావున దండన ద్వీపముగ నున్న దినములలో ఈ ఊరు బర్మాకు పొరుగూరువలె నుండెను. మహారాజా అను పేరుగల స్టీమరు కలకత్తా, రంగూను, మద్రాసు రేవులను దీనితో కలుపుచుండెడిది. 1911లో సావర్కరును మద్రాసు నుండి ఇచ్చటికి తెచ్చినది ఆ పేరి ఓడయే. 1905లో తంతి లేని వార్తా సౌకర్య మేర్పడినప్పుడు పోర్టు బ్లెయిరు మొదట మాటలాడినది మద్రాసుతో కాదు, బర్మా తీరమునందలి డైమండు దీవితో. 1925లో మాయాబందరు ప్రాంతమునకు వచ్చి వెబీ గ్రామమున స్థిరపడిన కరెనులు బర్మావారే.

ఇక మన తెలుగువారి సంగతి. బర్మాలో తెలుగు కూలీని కోరంగీ అని పిలిచెడివారు. గోదావరి ముఖమున నున్న కోరంగి రేవు పేరే ఒక జాతికి పేరైనది. 1839 తుపానులో ఆ రేవు పాడైపోయినను పేరు మాత్రము సముద్రము దాటి నిలిచినది. 1856లో స్థాపింపబడి, 1862 నుండి బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషను కంపెనీ యను పేర వ్యవహరింపబడిన సంస్థ ఓడలు కాకినాడ, విశాఖపట్నము, భీమునిపట్నము, కళింగపట్నము మొదలగు రేవులలో ఆగుచు జనమును రంగూనునకు చేర్చినవి.

ఆగుచు అంటిని గాని, అవి ఒడ్డున ఆగలేదు. విశాఖపట్నమున లోపలి రేవు 1933లోగాని తెరవబడలేదు. అంతవరకు ఓడ దూరముగ లంగరు వేసికొని నిలుచుండెడిది. ప్రయాణికులు పడవలలో కెరటములు దాటిపోయి, ఊగుచున్న పడవనుండి ఊగుచున్న ఓడకు ఎక్కవలెను. మొదటిసారి సముద్రమును చూచిన పల్లెటూరివానికి ఆ ఒక్క గడియ తక్కిన ప్రయాణమునకంటె దీర్ఘముగ తోచియుండును. ఎక్కిన పిదప డెక్కు మీద చాప పరచినంత మేరయే వాని ఇల్లు. మూటలో అటుకులు, బెల్లము, ఊరగాయ; ప్రక్కన మేస్త్రీ. టిక్కెట్టు డబ్బు మేస్త్రీయే ముందుగ ఇచ్చి, ఆ బాకీని రంగూనులో కూలినుండి కోసికొనెడివాడు. వరికోతలకును బియ్యపు మిల్లులకును పోయి, పని ముగియగనే తిరిగి వచ్చువారు పెక్కుమంది. 1920 దశాబ్ది చివర ఏటా మూడు లక్షలకు పైగా భారతీయులు బర్మాలో దిగుచుండిరి; ఇంచుమించు అంతమందియు మరలుచుండిరి. దీనిని వలస యనుటకంటె రాకపోక యనుటయే సమంజసమని నా తలంపు.

1931 జనాభా లెక్కలలో రంగూను నగరమున నాలుగు లక్షల మంది కాగా వారిలో సగమునకు మించి భారతీయులు. నగరమును నడిపిన చేతులు అన్యులవిగా నుండుట స్థానికులకు కంటగింపగుట వింతకాదు. 1930 మే నెలలో రేవు కూలీలైన తెలుగువారు కూలి పెంపుకై సమ్మె కట్టిరి. యజమానులు బర్మీయులను పనికి పిలిచిరి. సమ్మె పరిష్కారమై తెలుగువారు తిరిగి పనిలోనికి రాగానే బర్మీయులను పొమ్మనిరి. ఆ ఉదయము ఆరంభమైన కొట్లాట నగరమంతట వ్యాపించి వందకు పైగా ప్రాణములను తీసినది. ఇరుప్రక్కల చచ్చినవారు పేదలే. ఆకలిని ఆకలిపై ఉసిగొల్పినవారి లెక్క వేరు.

1937 ఏప్రిలు 1న బర్మా భారతమునుండి విడివడెను. 1941 డిసెంబరు 23న రంగూనుపై జపాను బాంబులు పడినవి. మార్చి 8న ఆ నగరము, అదే నెల 23న పోర్టు బ్లెయిరు జపానువారి వశమైనవి. ఓడలో చోటు దొరకని లక్షలాది జనులు కొండలు, అడవులు దాటి కాలినడకను భారతమునకు బయలుదేరిరి. మూడు నాలుగు దినములలో ఓడపై ముగియు ప్రయాణము వారికి నెలలు పట్టినది. వేలాదిమంది త్రోవలోనే రాలిపోయిరి.

తుది ఓడలు 1960 దశాబ్దిలో వచ్చినవి. దుకాణములు ప్రభుత్వపరమై, పెద్ద నోట్లు చెల్లకపోగా, తరతరముల కాపురములు వదలి తెలుగువారు విశాఖపట్నమున దిగిరి. వెంట తెచ్చుకొననిచ్చిన సొత్తు బహు స్వల్పము. ఆ పట్టణమున బర్మా క్యాంపు అను పేటపేరు నేటికిని వినబడును.

రంగూను రాజధాని హోదాను కూడ 2006 నాటికి నేపిడాకు వదలుకొన్నది. నేడు మనలో ఎవరైన అండమానునుండి రంగూను చూడదలచినచో సాధారణముగ ముందు పడమరగ మద్రాసునకో, ఉత్తరముగ కలకత్తాకో పోయి, అచ్చట విమానము మారి, తిరిగి తూర్పునకు రావలెను.