మృత్తికాశాస్త్ర సంచారోపన్యాసములు

రైలుబండి నడచునది ఇనుపపట్టాలమీద. ఆ పట్టాలు నిలుచునది మట్టిమీద. ఈ సంగతి ఖరగ్‌పూరు తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు. 1898-99 ప్రాంతమున బెంగాల్ నాగపూర్ రైల్వే ఇచ్చట స్టేషను నెలకొల్పి కర్మశాల తలపెట్టిన నాటినుండి శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల కుటుంబములు బ్రతుకుతెరువునకై ఈ ఎఱ్ఱనేలకు తరలివచ్చినవి. తెలుగునాట చెరువుకట్ట పోసిన వడ్డెరలకు ఏ మన్ను నిలుచునో, ఏ మన్ను జాఱునో చేతితో పిసికి చెప్పగల నేర్పుండెను. ఆ నేర్పు గ్రంథములకెక్కలేదు. మట్టిబలమును కొలిచి చెప్పు శాస్త్రము వేఱొక ఖండమున, వేఱొక రైలుకట్టమీద పుట్టినది.

స్వీడన్ దేశమున నీరునిండిన మెత్తని బంకమట్టిపై వేసిన రైలుమార్గములు మాటిమాటికి జాఱుచుండెను. అందుచే ఆ దేశపు ప్రభుత్వ రైల్వే 1914 మొదలు 1922 వరకు ఒక సంఘముచే పరిశోధనలు జరిపించెను. వోల్మార్ ఫెల్లేనియస్ దాని అధ్యక్షుడు. నేడు లోకమంతట వాడుకలోనున్న 'జియోటెక్నికల్' అను మాట ఆ సంఘము పేరుతోనే ప్రచారమునకు వచ్చినది. సంఘము పని ముగియకమునుపే, 1918 అక్టోబరు 1వ తేదీన, యేతో అను చోట కట్ట జాఱి, బండి క్రిందికి దొర్లి, నిప్పంటుకొని, 40 మందికి పైగా మరణించిరి. రైల్వేవారు తమ కట్టలకొఱకు వెదకిన విద్యయే నేడు ఆనకట్టలకును, ఓడరేవులకును, అంతస్తుల మేడలకును ఆధారమైనది. రైల్వే ఊరివారు ఈ సంగతి కొంత గర్వముతోనే తలచుకొనవచ్చును.

ఈ విద్యకు సిద్ధాంతరూప మిచ్చినవాడు 1883లో ప్రాగు నగరమున జన్మించిన కార్ల్ టెర్జాగీ. 1916లో ఆయన ఇస్తాంబులుకు అధ్యాపకుడుగా వచ్చెను. పరికరములు లేవు, కొనుటకు ధనము లేదు. ఖాళీ చుట్టపెట్టెలను, కళాశాలలో పారవేసిన తుక్కును కూర్చి మట్టిని పరీక్షించెను. (మన చుట్టరాయుళ్ళకు ఇంతకంటె మంచి సమర్థన దొరకదు.) ఆయన కనుగొన్న సూత్రము మాటలలో సులభమే. మట్టిరేణువుల నడుమ చేరిన నీరు పైబరువులో కొంత తానే మోయును. నీటి ఒత్తిడి పెరిగినకొలది రేణువులు ఒకదానినొకటి అదిమిపట్టు బలము తగ్గును. పట్టు తగ్గిన కట్ట తన బరువునకు తానే జాఱును. ఏండ్లతరబడి నిలిచిన కట్ట ఒక్క ముసురుతో ఏల కూలునో ఇందువలన తెలిసినది. 1925లో ఆయన గ్రంథము వెలువడినది. 1936లో హార్వర్డు విశ్వవిద్యాలయమున తొలి అంతర్జాతీయ మహాసభ జరిగి, ఆయనయే అధ్యక్షుడుగా అంతర్జాతీయ సంఘ మేర్పడెను.

గ్రంథ మచ్చుపడిన పిదప ఉపన్యాసకుడు ఊరూర తిరుగనేల అని అడుగవచ్చును. ఇనుము ఏ దేశమున పోతపోసినను ఒక పద్ధతిగా నడుచుకొనును. మట్టి అట్లు కాదు. ఒక ఊరిలో నిజమైన లెక్క పొరుగూరిలో తప్పును. కావున ఈ శాస్త్రమున పండితుడు చెప్పుటకెంతగా పోవలయునో, చూచుటకును అంతగా పోవలయును. టెర్జాగీ జీవితమంతయు అట్లే గడచినది: వియన్నా, ఇస్తాంబులు, బోస్టన్, లండన్, ఎచ్చట ఉపన్యసించెనో అచ్చటి త్రవ్వకములను, జాఱిన వాలులను చూచెను. 1939లో లండన్ సివిల్ ఇంజనీర్ల సంస్థలో ఆయన చేసిన ప్రసంగము బ్రిటనులో ఈ విద్యకు ఊపిరిపోసెను. తరువాత 1961లో అచ్చటనే ర్యాంకిన్ ఉపన్యాసపరంపర మొదలయ్యెను. తొలి ఉపన్యాసము ఆర్థర్ కాసగ్రాండేది. కెనడాలోనైతే ఒక ప్రవీణుని ఎన్నుకొని, తూర్పుసముద్రమునుండి పడమటిసముద్రము వరకు నగరమునగరమున ఉపన్యాసము లిప్పించు ఆచారమే యున్నది. అంతర్జాతీయ సంఘమును ఇట్టి సంచారోపన్యాసములను ఏర్పాటుచేయుచున్నది. ఇది మన హరిదాసులెరిగిన మార్గమే. కథ ఒక్కటే, కాని విజయనగరమున చెప్పినట్లు బరంపురమున చెప్పరు. సభ నెరిగి, ఊరి నెరిగి కథ నడపవలయును.

మన దేశమున ఈ విద్యకు 1948లో ఒక జాతీయసంఘము వెలసినది. అదియే 1970లో ఇండియన్ జియోటెక్నికల్ సొసైటీ అయినది. 1960లో ఢిల్లీలో తొలి ఆసియా ప్రాంతీయసభయు, 1994లో అచ్చటనే అంతర్జాతీయ మహాసభయు జరిగినవి. అంతర్జాతీయ సంఘమునకు 2005-2009 నడుమ ఆచార్య మధిర మాధవ్ ఆసియా ఉపాధ్యక్షులుగా నుండిరి. అయితే వీనికంటె తెలుగు పాఠకునకు దగ్గఱి సంగతి నల్లరేగడిది. ఎండకు నోరు తెఱచి, వానకు ఉబ్బి, గోడలను చీల్చు ఆ నేల స్వీడన్ పుస్తకములలో లేదు. దానికి విరుగుడు ఇచ్చటనే వెదకవలసివచ్చినది. రూర్కీలోని కేంద్ర భవనపరిశోధనసంస్థవారు అడుగున ఉబ్బెత్తుగానుండు పునాదిస్తంభములను రూపొందించిరి. బొంబాయి ఐ.ఐ.టి. ఆచార్యులు ఆర్. కె. కత్తి, ఉబ్బని బంకమట్టిపొరను పైన పఱచి రేగడి ఉబ్బును అణచవచ్చునని చూపిరి. 1978లో జాతీయసంఘము వార్షికోపన్యాసములను ప్రారంభించినపుడు తొలి ఉపన్యాసము ఆయనదే, విషయము నల్లరేగడియే. వినువాడుగా నుండిన దేశము చెప్పునది యైనది.

ఇక ఖరగ్‌పూరు. 1931 సెప్టెంబరు 16న హిజ్లీ నిర్బంధశిబిరమున పోలీసుల కాల్పులకు సంతోష్‌కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా బలియైరి. ఆ శిబిరముననే 1951లో దేశపు తొలి ఐ.ఐ.టి. వెలసినది. దాని చుట్టునున్నది లాటరైటు నేల. 1807లో ప్రకటించిన గ్రంథమున ఫ్రాన్సిస్ బుకానన్ ఈ పేరు పెట్టెను. లాటిన్ భాషలో 'లేటర్' అనగా ఇటుక. త్రవ్వినపుడు కత్తికి తెగును. గాలి తగిలి ఎండిన పిదప రాయివలె గట్టిపడును. చలిదేశముల పద్ధతిని మట్టిని ముందుగా ఎండబెట్టి పరీక్షించినచో దీని సన్ననిరేణువులు ఒకటితో నొకటి అంటుకొని పెద్దవై, ఉన్నదానికంటె మేలైన మన్నుగా కనబడును. అతిథిపండితుడు తన దేశపు అంకెలు చదివి వెడలిపోయినచో, సభాభవనము వెలుపలి నేలయే ఆయన మాటను కాదనును. ఎంత గొప్ప పేరైనను, ఈ ఎఱ్ఱమట్టిని గుఱించి ఒక్క ప్రశ్నయైన అడుగని ఉపన్యాసము సగముపాఠమే.

ఈ పాఠము విద్యార్థులది మాత్రమే కాదు. 1955లో ఏర్పడిన ఆగ్నేయ రైల్వేలో వాల్తేరు డివిజను 2003 వరకు భాగముగా నుండెను. 1960 దశకమున ఆ రైల్వే ఆధ్వర్యమున కొత్తవలసనుండి కిరండూలు వరకు తూర్పుకనుమలను తొలిచి ఇనుపఖనిజపు మార్గము వేయబడినది, సొరంగములే 58. అనంతగిరి ఘట్టమున వానకాలము వచ్చినచో కొండచరియలు విఱిగి పట్టాలపై పడుట, బండ్లు ఆగుట నేటికిని వినుచున్నాము. అచ్చట టెర్జాగీ సూత్రము నల్లబల్లమీది లెక్క కాదు, ఇంజనులోనున్నవారి ప్రాణము.

2015లో కేంద్రప్రభుత్వము 'జ్ఞాన్' అను పథకముచే విదేశీ ఆచార్యులను మన విద్యాసంస్థలకు రప్పించి పాఠములు చెప్పింప నారంభించినపుడు, దేశమంతటికి సమన్వయభారము ఖరగ్‌పూరు ఐ.ఐ.టి.కే అప్పగింపబడెను. అంతకుముందే, 2003 నుండి, ఎన్.పి.టి.ఇ.ఎల్. ద్వారా పాఠములు చిత్రరూపమున ఇంటింటికి చేరుచున్నవి. ఉపన్యాసకుడు కదలకయే ఉపన్యాసము తిరుగుచున్నది. ఇది మేలే, శ్రోతలు పెరిగిరి. కాని తెరమీది పండితుడు మట్టిని పిసికి చూడలేడు. వచ్చిన అతిథిని సభాభవనమునుండి కొద్ది మైళ్ళలోనున్న రైలుకట్టకు తోడ్కొనిపోవుటయు, కట్టను కాచు సిబ్బందికి ఆ సభలో ముందువరుస ఇచ్చుటయు కష్టమైన పనులు కావు. వానకాలపు రాత్రి గస్తీ తిరుగువాడు ఏ సమీకరణమును ఎఱుగడు. కట్ట అంచున క్రొత్తగా విచ్చిన బీట, వాలు అడుగున ఊరుచున్న బురదనీరు, నిన్నటికంటె ఒరిగిన స్తంభము—వీనిలో ఏది కంటబడినను అతడు ఎఱ్ఱదీప మెత్తి బండి నాపును.